గాలిమోటరును ఎంచుకునే లెక్క

2023 జులై 27 పొద్దున భూపాలపల్లి వైపు మోరంచపల్లి ఊరు వాగు నీళ్లలో మునిగిందని, జనం బంగ్లాల మీదికి ఎక్కారని టీవీలో వస్తుంటే, మా జనగామ జిల్లా తరిగొప్పుల హోటల్ దగ్గర వరసకు పెదనాయన అయ్యే ఒకాయన నన్నే నిలదీశాడు. "ఏందిరా, మీ గాలిమోటరు ఎప్పుడొస్తది? దేశంల గన్ని ఉన్నయంటరు గదా, ఒకటి పంపనీకి ఇంత సేపా?" నేను వాయుసేనలో ఇంజిన్ ఫిట్టర్‌గా చేసి రిటైరైనవాణ్ని. యలహంకలో ఎమ్‌ఐ-8 హెలికాప్టర్లు, హకీంపేటలో చేతక్‌లు, ఒంటినిండా నూనె మరకలు. "వాతావరణం బాగలేదు పెదనాయనా" అని అప్పటికి సర్దిచెప్పాను. అసలు జవాబు కొంచెం పొడుగ్గా ఉంటుంది, 1944 నుంచి మొదలుపెట్టాలి.

ఆ ఏడాది ఏప్రిల్‌లో బర్మా అడవిలో ఒక చిన్న విమానం కూలింది. పైలట్‌తో పాటు గాయపడిన ముగ్గురు బ్రిటిష్ సైనికులు జపాన్ సేనల మధ్య చిక్కుకున్నారు. వాళ్ల కోసం అస్సాంలోని లాలాఘాట్ నుంచి కార్టర్ హార్మన్ అనే అమెరికన్ లెఫ్టినెంట్ సికోర్‌స్కీ వైఆర్-4బి హెలికాప్టర్‌లో బయల్దేరాడు. పైలట్ కాక ఇంకొక్కరికే అందులో చోటు. ఒక్కొక్కరినీ తేవాల్సిందే. ఇద్దరిని తెచ్చేసరికి ఇంజిన్ కాగిపోయింది. మిగిలిన ఇద్దరినీ మర్నాడు తెచ్చాడు. యుద్ధభూమిలో శత్రువుల మధ్య చిక్కినవాళ్లను హెలికాప్టర్‌తో తీసుకురావడం ప్రపంచంలో అదే మొదలు. అది మన దేశపు గడ్డ మీద నుంచే జరిగిందని ఇక్కడ చాలామందికి తెలియదు.

ఆ ఇంజిన్ ఎందుకు కాగిందో ఏ ఫిట్టర్‌నైనా అడగండి. హెలికాప్టర్ ముందుకు ఎగురుతున్నప్పుడు రెక్కలకు గాలి కొంత సాయం చేస్తుంది. ఒకే చోట నిలబడాలంటే, మేం హోవర్ అనే ఆ పనికి, మొత్తం బలం ఇంజినే పెట్టాలి. వేడి గాలి పలుచన, తేమ గాలి ఇంకా పలుచన. రెక్కలకు పట్టు దొరకదు, ఇంజిన్‌కు ఊపిరి ఆడదు. యలహంకలో ఎండాకాలం మధ్యాహ్నాలు మా పని సగం తూకాలతోనే గడిచేది. మనుషులు ఎక్కువ కావాలంటే ఇంధనం దించాలి, ఇంధనం దించితే దూరం తగ్గుతుంది. రెస్క్యూ హెలికాప్టర్‌కు ఎంత వేగంగా పోతుందన్నది రెండో ప్రశ్న. నీళ్ల మీద, ఎండలో, తాడు దించి, మనిషిని లాగేంత సేపు కదలకుండా నిలబడుతుందా అన్నదే మొదటిది.

మన వాయుసేన ఈ ప్రశ్నకు ఒక్కో తరంలో ఒక్కో జవాబు ఎంచుకుంది. 1960లలో సోవియట్ రష్యా నుంచి పిస్టన్ ఇంజిన్ ఎమ్‌ఐ-4 వచ్చింది. 1971 యుద్ధంలో మేఘనా నది మీదుగా సైనికులను దాటించింది అదే. దాని వెనుక 1972లో ఎమ్‌ఐ-8 వచ్చింది. రెండు టర్బైన్ ఇంజిన్లు, ఒకటి ఆగినా రెండోది ఇంటికి చేరుస్తుందన్న ధీమా. 1985లో ఎమ్‌ఐ-17, 2012 ఫిబ్రవరిలో దాని కొత్త రూపం ఎమ్‌ఐ-17 వి5 చేరాయి. వి5కు వాతావరణ రాడార్ ఉంది, రాత్రి చూపు అద్దాలతో నడపవచ్చు, 13 టన్నుల బరువుతో లేస్తుంది. 2008లో 80 కొనాలని ఒప్పందం చేసి, చివరికి 151 తెచ్చుకున్నాం. నేను స్పానర్ పట్టిన ఎమ్‌ఐ-8ని 2017 డిసెంబర్‌లో యలహంకలోనే సాగనంపారు. పాత యంత్రం పోకముందే కొత్తది వచ్చి నిలబడింది. ఎంపిక ఇట్లా ఉండాలి.

చేతక్ కథ దీనికి పూర్తిగా ఎదురు. ఫ్రాన్స్ డిజైన్, ఒకే ఇంజిన్, ఏడుగురికి చోటు. 1960ల నుంచి ఎగురుతూనే ఉంది. దానికీ, మరో పాత హెలికాప్టర్ చీతాకూ బదులుగా 197 తేలికపాటి హెలికాప్టర్లు కొందామని టెండర్ పిలిచారు. యూరోకాప్టర్ ఫెనెక్ దాదాపు ఖాయమైంది, 2007లో రద్దు. మళ్లీ పిలిచారు, 2014లో మళ్లీ రద్దు. 2015లో రష్యా కమోవ్-226టి 200 అన్నారు, అదీ కాగితం దాటలేదు. ఇప్పుడు హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) సొంతంగా చేసిన ఎల్‌యూహెచ్ అనే తేలికపాటి హెలికాప్టర్ మీద ఆశ పెట్టుకున్నారు. 2023 ఫిబ్రవరిలో దానికోసం తుమకూరులో ఫ్యాక్టరీ కూడా ప్రారంభించారు. ఈలోగా హకీంపేటలో కుర్ర పైలట్లు ఎక్కింది నేను సర్వీసింగ్ చేసిన మోడలే.

ఇది మన జబ్బే అనుకోకండి, అమెరికాలో ఇంతకన్నా ముదిరింది. కూలిన పైలట్లను తెచ్చే పాత పేవ్ హాక్ హెలికాప్టర్లకు బదులు 141 కొత్తవి కావాలని వాళ్ల వాయుసేన పోటీ పెట్టింది. 2006 నవంబర్‌లో బోయింగ్ వారి పెద్ద హెలికాప్టర్ చినూక్ రూపం హెచ్‌హెచ్-47ని ఎంచుకుంది. ఓడిన సికోర్‌స్కీ, లాక్‌హీడ్ మార్టిన్ ఫిర్యాదు చేశాయి. 2007లో అక్కడి ఆడిట్ సంస్థ ఫిర్యాదు నిజమేనని తేల్చింది. ఎక్కడ దొరికిందంటే, నిర్వహణ ఖర్చు లెక్కలో. ఏ హెలికాప్టర్‌కు ఎంత మరమ్మతు పని పడుతుందో దేనికదే విడిగా చూడకుండా, అన్నిటినీ దాదాపు ఒకే తీరుగా లెక్కేశారట. ఇది చదివి నాకు నవ్వొచ్చింది. వందల కోట్ల డాలర్ల బేరం ఆగింది నాలాంటి ఫిట్టర్ పనిగంటల దగ్గర! గంట ఎగిరితే ఎన్ని గంటలు విప్పి బిగించాలో మాకు తెలిసినంత ఏ కమిటీకి తెలుస్తుంది? 2009లో రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ ఆ పథకాన్నే ఎత్తేశాడు. 2014లో సికోర్‌స్కీకే, పేవ్ హాక్ వంశంలోదే అయిన హెచ్‌హెచ్-60 డబ్ల్యూకు ఆర్డర్ ఇచ్చారు. 113 అనుకున్నవాటిని తర్వాత 75కు కుదించాలన్నారు.

ఆ పోటీలో నిలిచిన మూడింటికీ మన దేశంతో ఏదో ఒక ముడి ఉంది. సికోర్‌స్కీ తెచ్చినది ఎస్-92 రూపం. ఆ ఎస్-92 క్యాబిన్లు మన హైదరాబాద్ పక్కన ఆదిభట్లలో టాటా వాళ్లు తయారు చేశారు. చినూక్ 2019లో మన వాయుసేనలోకి వచ్చింది. లాక్‌హీడ్ పోటీకి తెచ్చింది ఏడబ్ల్యూ-101ని. వీవీఐపీల కోసం 2010లో పన్నెండు కొనబోయి, కుంభకోణం బయటపడ్డాక 2014 జనవరిలో మనం రద్దు చేసుకున్నది దాన్నే.

శత్రువుల మధ్య నుంచి మనిషిని తేవడానికి మాత్రమే కేటాయించిన హెలికాప్టర్ల దళం మన దగ్గర వేరే లేదు. అదే ఎమ్‌ఐ-17, అదే సిబ్బంది, అవసరమైతే వాయుసేన గరుడ్ కమాండోలు. 2013 జనవరిలో ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మాలో గాయపడ్డవాళ్ల కోసం వెళ్లిన హెలికాప్టర్ మావోయిస్టుల తూటాలు తగిలి దిగిపోయింది. సిబ్బంది నడిచి చింతగుఫా క్యాంపుకు చేరారు. గాయపడ్డ పోలీసు లోపలే ఉండిపోయాడు, తర్వాత బయటికి తెచ్చారు. అతన్ని వదిలి వెళ్లారని పెద్ద రభసే జరిగింది. కాపాడే హెలికాప్టర్‌ను కాపాడటానికి రెండోది ఉండాలన్నది మాత్రం ఆ రభసలో ఎవరికీ పట్టలేదు.

వెతకడం ఇంకో విద్య. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి ఎక్కిన బెల్-430 నల్లమలలో మాయమైతే సుఖోయ్ విమానాన్ని, ఇస్రో ఉపగ్రహాన్ని కూడా వాడారు. వాన, మబ్బు, రాత్రి. మర్నాడు పొద్దున గానీ వాయుసేన హెలికాప్టర్‌కు పావురాలగుట్ట దగ్గర శకలాలు కనిపించలేదు. అప్పటికి చేయగలిగింది ఏమీ మిగల్లేదు.

ఇక మా వైపు వాగులు. జనగామ మెట్టప్రాంతం, మాకు కరువే ఎక్కువ తెలుసు. భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు మోరంచ, చలివాగు, ఆకేరు ఒక్క రాత్రిలో రూపం మార్చుకుంటాయి. 2020 ఆగస్టు 15న టేకుమట్ల మండలం కుందనపల్లి దగ్గర చలివాగులో చిక్కుకున్న పది మంది రైతులను వాయుసేన హెలికాప్టరే పైకి తెచ్చింది. 2023 జులై 27తో ముగిసిన ఒక్క రోజులో భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616 మిల్లీమీటర్లు, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచపల్లిలో నలుగురు కొట్టుకుపోయారు. ఊరివాళ్లను పడవల మీద తరలించారు. చిట్యాల మండలం నైన్‌పాకలో జేసీబీ మీద కూర్చుని ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్న ఆరుగురిని మాత్రం వాయుసేన ఎమ్‌ఐ-17 తీసింది. ఇలాంటి చోట రెక్కల కింది గాలి మనిషిని నీళ్లలోకి తోసేస్తుంది. అందుకే పైలట్ ఎత్తు ఎంచుకోవాలి, తాడు దింపేవాడు క్షణం చూసుకోవాలి. పెద్ద యంత్రమైతే గాలి ఎక్కువ, చిన్నదైతే చోటు తక్కువ. అమెరికాలో చినూక్ ఎంపికను తప్పుబట్టినవాళ్లు ఎత్తిచూపిందీ కొంత ఇదే.

2024 సెప్టెంబర్ 1న ఖమ్మం ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కితే వాతావరణం వల్ల హెలికాప్టర్ రాలేకపోయింది. వాళ్లను తెచ్చింది ఒక జేసీబీ డ్రైవర్ తెగువ. దాన్ని తక్కువ చేయను గానీ, ఎప్పుడూ అదే దిక్కు కాకూడదు.

హైదరాబాద్ పక్కన హకీంపేట నుంచి మోరంచపల్లి ఆకాశ మార్గాన సుమారు 165 కిలోమీటర్లు, ఎమ్‌ఐ-17కు ముప్పావు గంట. అదీ దారిలో మబ్బు అడ్డం లేకపోతే. వరంగల్ మామునూరు నుంచి అయితే 60 కిలోమీటర్ల లోపు, పావుగంట. నిజాం కాలంలో 1930లో కట్టిన ఆ విమానాశ్రయంలో 1981 తర్వాత విమానాలు ఆగిపోయాయి. 2025 ఫిబ్రవరిలో మళ్లీ తెరవడానికి కేంద్రం ఒప్పుకుంది. రన్‌వే పని ఎన్నేళ్లు పడుతుందో పడనీయండి, హెలికాప్టర్‌కు రన్‌వే అక్కర్లేదు. జులై నుంచి సెప్టెంబర్ దాకా తాడుతో మనిషిని పైకి లాగే విన్చ్ ఉన్న ఒక హెలికాప్టర్‌ను, దానికి ఇద్దరు ఫిట్టర్లను, ఇంధనం ట్యాంకర్‌ను మామునూరులో ఉంచమని ప్రభుత్వాన్ని అడుగుతున్నాను. ఈ వానాకాలం నుంచే మొదలుపెట్టండి.