హిరోషిమా నుండి తిరిగి వచ్చిన విద్యార్థి

విద్య కోసం స్వస్థలాన్ని విడిచి దూరదేశాలకు వెళ్ళడం ముస్లిం సమాజాల చరిత్రలో ఒక ఘనమైన సంప్రదాయం. దానికి 'రిహ్లా' అని పేరు. ఒక్క హదీసును విన్నవారి నోట స్వయంగా వినడానికి నెలల తరబడి ప్రయాణం చేసిన పండితుల వృత్తాంతాలు గ్రంథాలలో కోకొల్లలు. చైనా దాకా వెళ్ళి అయినా విద్య సంపాదించాలన్న ప్రసిద్ధ వాక్యపు పరంపరను హదీసు విమర్శకులు బలహీనమైనదిగా ఎంచారు గాని, దాని వెనుకనున్న భావాన్ని తోసిపుచ్చినవారు లేరు. అయితే వెళ్ళడాన్ని గురించి చెప్పినంతగా తిరిగి రావడాన్ని గురించి చరిత్రకారులు చెప్పలేదు. దివ్య ఖుర్ఆన్‌లోని తౌబా సూరా 122వ ఆయతు మాత్రం ఈ రెండవ సగాన్ని విస్మరించలేదు. ప్రతి సమూహం నుండి కొందరు వెళ్ళి ధర్మావగాహన పొందాలనీ, తిరిగి వచ్చిన పిదప తమ జనాన్ని హెచ్చరించాలనీ దాని భావం. అది ధార్మిక విద్యకు సంబంధించిన ఆదేశమే. అయినా, విద్య నేర్చి వచ్చినవాడు తన ప్రజలకు బాకీపడి ఉంటాడన్న సూత్రం అందులో స్పష్టంగా ఉంది.

ఈ సూత్రాన్ని ఒక కఠినమైన సందర్భంలో పరీక్షించి చూడవచ్చు. పంపినవాడు దురాక్రమణదారుడైతే ఏమిటి? నేర్చుకున్న నగరం కళ్ళముందే బూడిద అయితే ఏమిటి? తిరిగి వచ్చేసరికి ఆ విద్యకు స్వదేశంలో విలువే లేకపోతే అతడు తన ప్రజలకు ఏమి ఇవ్వగలడు? రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మలయా నుండి జపాన్ వెళ్ళిన అబ్దుల్ రజాక్ అబ్దుల్ హమీద్ జీవితం ఈ ప్రశ్నలన్నింటికీ ఉదాహరణగా నిలుస్తుంది.

1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాన్ సేనల వశమైంది. అప్పటికే మలయా అంతా వారి చేతికి చిక్కింది. బర్మా, ఫిలిప్పీన్స్, జావా, సుమత్రా, బోర్నియో ప్రాంతాలు కూడా ఆ ఏడాది మొదటి ఆరు నెలలలోనే పరాధీనమైనాయి. ఆసియా ఆసియావాసులదేనన్న నినాదంతో వచ్చిన కొత్త ప్రభువులకు ఆ దేశాలను నడపడానికి తమ భాష, తమ పద్ధతులు తెలిసిన స్థానిక యువకులు అవసరమైనారు. ఆ అవసరం నుండి పుట్టినదే 'దక్షిణ ప్రాంత ప్రత్యేక విద్యార్థుల' పథకం. 1943, 1944 సంవత్సరాలలో రెండు జట్లుగా సుమారు 200 మంది యువకులను జపాన్‌కు తీసుకుపోయారు. వారిలో సుల్తానుల బంధువులు, అధికారుల కుమారులు ఉన్నారు. ఉపాధ్యాయ వృత్తికి సిద్ధమవుతున్న సామాన్య కుటుంబాల పిల్లలూ ఉన్నారు. మలయా, ఇండోనేషియా, బ్రూనైల నుండి వెళ్ళినవారు చాలావరకు ముస్లింలు. బర్మా వారు బౌద్ధులు, ఫిలిప్పీన్స్ వారు ఎక్కువగా క్రైస్తవులు. మొదట టోక్యోలో జపనీస్ భాష నేర్పి, ఆ తరువాత వివిధ నగరాలలోని విద్యాసంస్థలకు పంపేవారు.

ఈ పథకాన్ని తలచుకున్నప్పుడు అదే కాలపు మరొక ప్రయాణాన్ని మరువరాదు. 1943లోనే సయాం నుండి బర్మాకు జపాన్ సైన్యం సుమారు 415 కిలోమీటర్ల రైలుమార్గాన్ని వేయించింది. మలయా రబ్బరు తోటలలోని భారతీయ కూలీలను వేల సంఖ్యలో ఆ అడవులకు తరలించారు. వారిలో అధికులు తమిళులు. తెలుగువారు కూడా ఉన్నారు. ఆకలితో, మలేరియాతో, కలరాతో అక్కడే రాలిపోయిన వారి పేర్లు రాసి ఉంచినవారు లేరు. ఒకే ప్రభుత్వం ఒకే సంవత్సరంలో ఒకే దేశం నుండి కొందరిని విశ్వవిద్యాలయాలకూ, మరికొందరిని మృత్యుమార్గానికీ పంపింది. కావున ఆ విద్యార్థులకు లభించినది నిష్కల్మషమైన దానం కాదు. ఆ మాట మొదటే చెప్పుకోవడం న్యాయం.

హైదరాబాదు చరిత్ర తెలిసిన పాఠకులకు ఇక్కడ ఒక పోలిక స్ఫురిస్తుంది. నిజాం రాజ్యంలో విద్యాశాఖ సంచాలకుడుగా ఉన్న సర్ రాస్ మసూద్ 1922లో జపాన్ వెళ్ళి అక్కడి విద్యావిధానాన్ని పరిశీలించి వచ్చారు. ఆయన నివేదిక మరుసటి సంవత్సరం గ్రంథంగా వెలువడింది. ఒక ఆసియా జాతి తన మాతృభాషలోనే ఆధునిక శాస్త్రాలను నేర్చుకోగలిగిందన్న విషయం, 1918లో ఉర్దూ మాధ్యమంతో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఎంతో బలాన్నిచ్చింది. రాస్ మసూద్ తన ప్రభుత్వం పంపగా వెళ్ళారు. తమకు ఏది కావాలో ఎంచుకుని తెచ్చారు. ఇరవై ఏళ్ళ తరువాత వెళ్ళిన మలయా యువకులకు ఆ ఎంపిక లేదు. మాతృభాషకు బదులు విజేత భాషలో చదవాలి. విజేతకు పనికివచ్చే విధంగా తిరిగి రావాలి. రెండు ప్రయాణాలూ జపాన్‌కే అయినా వాటి స్వభావం వేరు.

అబ్దుల్ రజాక్ 1925లో పెనాంగ్‌లో జన్మించాడు. రెండవ జట్టులో జపాన్ చేరి, భాషాభ్యాసం పిదప 1945లో హిరోషిమాలోని సాహిత్య, విజ్ఞానశాస్త్ర విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. మలయా నుండే వచ్చిన నిక్ యూసుఫ్, సయ్యద్ ఒమర్ అక్కడ అతని సహాధ్యాయులు. మొదటి అతడు కెలాంటన్ వాడు. రెండవ అతడు జొహోర్ రాజవంశానికి చెందినవాడు. బ్రూనై నుండి పెంగిరాన్ ముహమ్మద్ యూసుఫ్, ఇండోనేషియా నుండి హసన్ రహాయా, అరిఫిన్ బే మొదలైనవారు కూడా ఉన్నారు. వారి వసతి గృహం పేరు కోనాన్ ర్యో. అది మొతోయాసు నది ఒడ్డున, తరువాత బాంబు పేలిన చోటుకు ఒక కిలోమీటరు లోపలే ఉండేది.

1945 ఆగస్టు 6 ఉదయం 8 గంటల 15 నిమిషాలకు ఆ నగరంపై అణుబాంబు పేలింది. ఆ సమయంలో అబ్దుల్ రజాక్ విశ్వవిద్యాలయంలో గణితం తరగతిలో కూర్చుని ఉన్నాడు. విస్ఫోటన కేంద్రానికి ఆ స్థలం సుమారు ఒకటిన్నర కిలోమీటరు. కర్రతో కట్టిన ఆ భవనం అతనిపై కూలింది. శిథిలాల క్రింద నుండి ప్రాణాలతో బయటపడ్డాడు. వసతి గృహం నేలమట్టమై కాలిపోయింది. నిక్ యూసుఫ్ మరణించాడు. ఆ సంవత్సరాంతానికి ఆ ఒక్క బాంబు మూలంగా హిరోషిమాలో మరణించినవారు సుమారు 1,40,000 మంది ఉంటారని అంచనా.

తరువాతి రోజులలో ఆ విదేశీ విద్యార్థులు ఏమి చేశారన్నది గమనార్హం. విశ్వవిద్యాలయ మైదానంలో ఆరుబయట నిద్రిస్తూ, తమకు దొరికిన ఆహారాన్ని తోటివారితో పంచుకున్నారు. గాయపడిన జపనీయులకు నీరిచ్చారు, సేవ చేశారు. తమ దేశాన్ని ఆక్రమించిన రాజ్యపు పౌరులు వారు. అయినా మంటలలో కాలినవాడి పాస్‌పోర్టును ఎవరూ అడుగలేదు. ప్రభుత్వానికీ ప్రజలకూ గల భేదాన్ని ఆ ఇరవై ఏళ్ళ యువకులు ఏ గ్రంథంలోనూ చదువకుండానే గ్రహించారు. బ్రతికి బయటపడిన జపనీయులలో కొందరు దశాబ్దాల తరువాత కూడా ఆ సేవను కృతజ్ఞతతో చెప్పుకున్నారు.

ఆగస్టు చివర వారు టోక్యోకు బయలుదేరారు. దారిలో సయ్యద్ ఒమర్ ఆరోగ్యం క్షీణించగా క్యోటోలో దింపి విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో చేర్పించారు. సెప్టెంబరు 3న అతడు కన్ను మూశాడు. అప్పటికి అతని వయస్సు 19 ఏళ్ళు. క్యోటోలోని ఎన్‌కోజీ బౌద్ధాలయ ప్రాంగణంలో ఇస్లామీయ రీతిలో నిర్మించిన అతని సమాధి ఈనాటికీ ఉంది. నిక్ యూసుఫ్ సమాధి హిరోషిమా వద్ద ఇత్సుకాయిచిలోని కోజెన్‌జీ ఆలయంలో ఉంది. ఇద్దరు ముస్లిం యువకుల సమాధులను బౌద్ధులు తరతరాలుగా కాపాడుతూ రావడం చిన్న విషయం కాదు.

ఇక తిరుగు ప్రయాణం. అబ్దుల్ రజాక్ మలయా చేరేసరికి లోకం తారుమారైంది. పంపిన సామ్రాజ్యం లేదు. 1945 సెప్టెంబరులో బ్రిటిషువారు తిరిగి వచ్చి సైనిక పాలన నెలకొల్పారు. ఉద్యోగానికి, హోదాకు మళ్ళీ ఇంగ్లీషే మార్గం. జపనీస్ భాష పరాజితుని భాష. అంతకంటే ఎక్కువగా, మూడున్నరేళ్ళ ఆకలినీ సైనికుల చెంపదెబ్బలనూ గుర్తుచేసే భాష. వైద్యునికో ఇంజనీరుకో తన విద్య ఏ ప్రభుత్వంలోనైనా అన్నం పెడుతుంది. భాష మాత్రమే నేర్చి వచ్చినవానికి ఆ భాష మాట్లాడేవారు వెళ్ళిపోతే మిగిలేదేమిటి? చూచినదానికి సాక్ష్యం ఒక్కటే మిగులుతుంది. కాని ఆ సాక్ష్యం వినడానికి కూడా ఆనాడు శ్రోతలు తక్కువ. ఆక్రమిత దేశాలలో చాలామందికి హిరోషిమా అంటే యుద్ధాన్ని ముగించి తమకు విముక్తి కలిగించిన బాంబు మాత్రమే. దాని క్రింద తమ పిల్లలే ఉన్నారన్న సంగతి ఎందరికో తెలియదు.

అబ్దుల్ రజాక్ ఉపాధ్యాయుడైనాడు. కాలక్రమాన మారా సాంకేతిక సంస్థలో జపనీస్ భాష బోధించాడు. 1982లో ప్రధాని మహాథిర్ ముహమ్మద్ 'తూర్పు దిక్కు చూడండి' అనే విధానాన్ని ప్రకటించి, మలేషియా విద్యార్థులను, ఉద్యోగులను జపాన్‌కు పెద్దసంఖ్యలో పంపనారంభించారు. 1945లో విలువ కోల్పోయిన విద్యకు ముప్పై ఏడేళ్ళ తరువాత గిరాకీ వచ్చింది. ఈసారి పంపినది స్వతంత్ర దేశం. ఆ కొత్త తరానికి భాష నేర్పే గురువు హిరోషిమా శిథిలాల నుండి లేచి వచ్చినవాడు కావడం విశేషం. భాషతోపాటు ఆ దేశపు మహత్త్వాన్నీ, పొరపాటునూ కూడా ఎరిగినవాడు ఆయన. ఆయన అనుభవాలు 'దెబు హిరోషిమా', అనగా 'హిరోషిమా ధూళి' అనే మలయ్ గ్రంథంగా 1987లో వెలువడ్డాయి.

మిగిలిన సహాధ్యాయుల జీవితాలు కూడా ఈ సందర్భంలో ఆలోచింపదగినవి. పెంగిరాన్ యూసుఫ్ 1947లో రచించిన గీతమే బ్రూనై జాతీయగీతం. ఆయన 1967 నుండి 1972 వరకు ఆ దేశానికి ముఖ్యమంత్రి. అరిఫిన్ బే దౌత్యవేత్తగా, ఆచార్యుడుగా జపాన్, ఇండోనేషియాల మధ్య అవగాహనకు కృషి చేశారు. జపాన్‌లో చదివి వచ్చిన ఇండోనేషియా వాసుల చొరవతో 1986లో జకార్తాలో దర్మ పెర్సదా విశ్వవిద్యాలయం ఏర్పడింది. జపాన్ సైన్యం తన పాలనకు తాబేదార్లను తయారు చేసుకోదలచింది. వారు తమ తమ స్వతంత్ర దేశాలకు సేవకులైనారు. విద్యను ఇచ్చినవాని ఉద్దేశం ఒకటి, పుచ్చుకున్నవాని వినియోగం మరొకటి కావచ్చునని దీనివలన తేటతెల్లమవుతున్నది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ఆక్రమణదారుని సొమ్ముతో చదివి, తరువాత ఆ దేశంతోనే స్నేహాన్ని బోధించడం మృత్యురైలుమార్గంలో చనిపోయినవారికి ద్రోహం కాదా? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. అయితే క్షమకూ విస్మృతికీ భేదం ఉంది. అన్యాయం జరగలేదనడం విస్మృతి; అది సత్యదూరం. జరిగినదని చెబుతూనే పగను తరువాతి తరానికి వారసత్వంగా ఇవ్వకపోవడం క్షమ. అబ్దుల్ రజాక్ చేసినది రెండవది. అంతేగాక, ఆయన చెప్పిన సాక్ష్యం జపాన్ పక్షానికో, దాని శత్రుపక్షానికో చెందినది కాదు. అణ్వాయుధం పౌరుణ్ణీ సైనికుణ్ణీ, ఆక్రమించినవాణ్ణీ ఆక్రమితుణ్ణీ వేరు చేసి చూడదన్నది దాని సారాంశం. మలయా వాసి ఒకడు హిరోషిమాలో గాయపడ్డాడన్న వాస్తవమే దీనికి రుజువు.

2013లో హిరోషిమా విశ్వవిద్యాలయం ఆయనను గౌరవ డాక్టరేటుతో సత్కరించింది. ఆ ఏడాదే 88వ ఏట ఆయన పరమపదించారు. ఆయన కుమారుడు జుల్కిఫ్లీ అబ్దుల్ రజాక్ పెనాంగ్‌లోని సైన్స్ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసి, అణ్వాయుధాలకు వ్యతిరేకంగా తండ్రి మాటను ముందుకు తీసుకువెళ్ళారు. 2017లో ఐక్యరాజ్యసమితిలో రూపొందిన అణ్వాయుధ నిషేధ ఒప్పందాన్ని మలేషియా 2020లోనూ, ఇండోనేషియా 2024లోనూ ధ్రువీకరించాయి. ఇది ఒక వ్యక్తి వలన జరిగినదనడం అతిశయోక్తి. కాని ఆ ప్రజలు ఆ మాటను మొదట పరాయివారి నోట కాదు, తమ మధ్యకు తిరిగి వచ్చిన తమ బిడ్డల నోట విన్నారు.

నేడు మన ప్రాంతాల నుండి కూడా వేలాది యువకులు విదేశాలకు చదువుకు వెళుతున్నారు. తిరిగి వచ్చినవారిని సమాజం సాధారణంగా ఒకే ప్రశ్న అడుగుతుంది: ఏమి సంపాదించావు? తౌబా సూరా సూచించిన ప్రశ్న వేరు: ఏమి చూచావు, దానిని గురించి నీవారికి ఏమి చెప్పావు? మొదటి ప్రశ్నకు 1945లో అబ్దుల్ రజాక్ వద్ద సమాధానం లేదు. రెండవదానికి మిగిలిన జీవితమంతా సమాధానం చెప్పాడు. ఎన్‌కోజీలోనూ ఇత్సుకాయిచిలోనూ మిగిలిపోయిన మిత్రులిద్దరి తరఫున కూడా ఆ బాకీని తీర్చవలసినది తిరిగి వచ్చినవాడే.