కుక్క పేరు మోసిన పచ్చ పాము

అడ్డంగా సాగిన కొమ్మకు అటూ ఇటూ చుట్లు జారవిడిచి, వాటి నడుమ తల ఆనించి పగలంతా కదలకుండా ఉంటుంది. ఒళ్లంతా చిలకపచ్చ. వీపు మీద సున్నం చిలకరించినట్టు తెల్లటి మచ్చలు. మన పసరిక పాములా సన్నది కాదు; బాగా కండపట్టిన, ఐదారడుగుల పాము.

దక్షిణ అమెరికా వానడవుల్లోని ఈ పచ్చ బోవాకు 1758లో స్వీడన్ పండితుడు లిన్నేయస్ ‘బోవా కనైనా’ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో కుక్కను పోలినదని అర్థం. నోరు తెరిస్తే ఆ పేరు సరిపోయిందనిపిస్తుంది. ముందరి పళ్లు అంత పొడవు. విషం లేదు. రాత్రిపూట తోకతో కొమ్మను పట్టుకుని తల కిందికి వేలాడేస్తుంది. పెదవుల మీది గుంటలు చీకట్లో వేడిని పసిగడతాయి. అందిన ఎలుకను ఆ పళ్లతో జారిపోకుండా పట్టి, చుట్టి చంపి, వేలాడుతూనే మింగుతుంది. ఆ పళ్లు ఈకల్లోంచి పక్షులను పట్టడానికేనని చాలాకాలం అనుకున్నారు. పొట్టలు కోసి చూస్తే దొరికినవి ఎక్కువగా ఎలుకల్లాంటి చిన్న జంతువులే.

ఈ పేరు పెట్టిన పుస్తకంలోనే లిన్నేయస్ ‘బోవా హిప్నేల్’ అని ఇంకో పామును చేర్చాడు. రెండూ ఒకటేనని తర్వాత తేలింది. ఈ జాతిలో అలా పొరబడటం తేలికే. ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. ఆ పిల్లలు ఇటుక రంగులోనో నారింజ రంగులోనో పుడతాయి. పచ్చబడటానికి ఇంచుమించు ఏడాది పడుతుంది. తల్లి పక్కన పెట్టినా బిడ్డ అనుకోలేం.

తర్వాత సరిగ్గా తలకిందులైన పొరపాటు జరిగింది. హెన్రీ వాల్టర్ బేట్స్ 1848 నుంచి 1859 దాకా అమెజాన్‌లో తిరిగి జీవజాతులను సేకరించాడు. బ్రిటిష్ మ్యూజియంలోని జాన్ ఎడ్వర్డ్ గ్రే 1860లో ఒక పచ్చ బోవాకు ఆయన పేరు పెట్టాడు. తర్వాతివాళ్లు దాన్ని పాత జాతిలోనే కలిపేశారు. పదకొండేళ్లు అడవిలో గడిపిన మనిషి పేరు అలా మరుగున పడటం నాకు కష్టంగానే తోస్తుంది. 2009లో హెండర్సన్, పాసోస్, ఫీటోసా ముక్కు మీది పొలుసులు లెక్కపెట్టి మళ్లీ విడదీశారు. గయానా, సురినామ్ వైపు పాముకు ఆ పొలుసులు పెద్దవి, తక్కువ. పెరూ, ఈక్వడార్ వైపు దానికి చిన్నవి, ఎక్కువ. వెన్ను పొడవునా తెల్లగీత కూడా సాగుతుంది. ఆ తెల్లగీత పాముకే బేట్స్ పేరు తిరిగి దక్కింది.