నాలుక అంచున తెల్లమచ్చ: హెయిరీ ల్యూకోప్లేకియా కథ

అమెరికాలో ఎయిడ్స్ తొలి కేసులు 1981లో వెలుగు చూసిన తర్వాత, ఆ జబ్బును పట్టే రక్తపరీక్ష ఇంకా రాని రోజుల్లో, వైద్యులకు దొరికిన ఆధారాల్లో రోగి నోరు ముఖ్యమైనది. శాన్‌ఫ్రాన్సిస్కోలో డెబొరా గ్రీన్‌స్పాన్, జాన్ గ్రీన్‌స్పాన్ తదితరులు 1984లో ‘లాన్సెట్’ పత్రికలో వర్ణించిన ‘హెయిరీ ల్యూకోప్లేకియా’ అలా వైద్యశాస్త్రానికి పరిచయమైంది. నాలుక పక్క అంచుల మీద ముడతలుగా లేచే ఈ తెల్లమచ్చ సాధారణంగా నొప్పి పెట్టదు. కాండిడా అనే శిలీంధ్రం వల్ల వచ్చే తెల్లపూతలా గీకితే ఊడిరాదు.

మచ్చ నుంచి తీసిన చిన్న ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే, పైన కెరాటిన్ పొర మందంగా పేరుకుని, అక్కడక్కడా వెంట్రుకల్లాంటి మొనలుగా లేచి ఉంటుంది. దాని దిగువన ఉన్న కణాలు ఉబ్బి, లోపలి పదార్థం పలచబడి కనిపిస్తాయి. వైరస్ చేరిన చోట సహజంగా ఉండాల్సిన వాపు కణాలు ఇక్కడ చాలా తక్కువ. రోగనిరోధక వ్యవస్థకు కాపలాదారులైన లాంగర్‌హాన్స్ కణాలు కూడా తగ్గిపోతాయి. పులిపిర్లకు కారణమైన పాపిలోమా వైరస్ సోకిన కణాలు కూడా ఇంచుమించు ఇలాగే ఉబ్బుతాయి కాబట్టి, తొలి వ్యాసం హెర్పిస్ కుటుంబ వైరస్‌తో పాటు దానినీ అనుమానించింది.

మరుసటి ఏడాది అదే బృందం చిక్కుముడి విప్పింది. 1964లో ఎప్‌స్టైన్, అచాంగ్, బార్ బర్కిట్ లింఫోమా కణాల్లో కనిపెట్టిన, హెర్పిస్ కుటుంబానికే చెందిన ఎప్‌స్టైన్-బార్ వైరస్ ఈ నాలుక కణాల్లో వృద్ధి చెందుతోందని 1985లో నిరూపించింది. తర్వాతి అణుస్థాయి పరిశోధనలు మరో విశేషాన్ని బయటపెట్టాయి: వైరస్ వృద్ధి అట్టడుగు పొరలో కాక, కణాలు పరిణతి చెందుతూ చేరుకునే పైపొరల్లో సాగుతుంది. ఈ వైరస్ కణంలో నిద్రాణంగా ఉన్నప్పుడు సమృద్ధిగా తయారయ్యే ఈబర్ అనే చిన్న ఆర్‌ఎన్‌ఏలు ఈ మచ్చలో కనిపించవు. అందుకే ఈబర్ పరీక్షను మాత్రమే నమ్ముకుంటే నిర్ధారణ తప్పిపోతుంది. వైరస్ డీఎన్‌ఏను కణజాలంలోనే గుర్తించాలి. వైరస్ నిద్రాణస్థితికి బదులు నిరంతరాయంగా వృద్ధి చెందే తీరును మనిషి కణజాలంలోనే చూపిన ఈ మచ్చకు వైరస్ శాస్త్రంలో అసాధారణమైన విలువ ఉంది.

ఎసైక్లోవిర్ అనే వైరస్ నిరోధక మందుతో మచ్చ తగ్గినా, మందు ఆపాక సాధారణంగా తిరిగి వచ్చేది. 1996 నుంచి ఎయిడ్స్ కారకమైన హెచ్‌ఐవీకి మిశ్రమ ఔషధ చికిత్స వ్యాపించి రోగనిరోధక శక్తి కోలుకోవడంతో ఇది బాగా అరుదైంది. హెచ్‌ఐవీ లేని మూత్రపిండ మార్పిడి రోగుల్లోనూ ఇదే మచ్చ కనిపించడంతో, దానికి దారితీసేది రోగనిరోధక శక్తి క్షీణతేననీ, హెచ్‌ఐవీ అందుకు ఒక కారణం మాత్రమేననీ రుజువైంది.