పాటకి ప్రైమరీ కీ

1902లో గ్రామఫోన్ కంపెనీ వాళ్ళు కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశారు. చాలా రికార్డుల చివర ఆవిడ ఇంగ్లీషులో తన పేరు చెబుతుంది. రికార్డులు తయారయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. లేబుల్ అంటించేవాడికి పాడిందెవరో తెలియాలి కదా! మెటాడేటాని ఏకంగా డేటాలోనే కలిపేశారన్నమాట.

తర్వాత ప్రతి కంపెనీ ప్లేటు మీద తన సొంత మ్యాట్రిక్స్ నంబరు చెక్కుకుంది. కొట్లో అమ్ముకున్నంత కాలం అది సరిపోయింది. రేడియోలు వాయించిన పాటలకి లెక్కకట్టి డబ్బులు పంచాలంటే మాత్రం అందరికీ ఒకే నంబరు కావాలి. అలా 1986లో వచ్చిన ప్రమాణమే ఐఎస్‌ఆర్‌సీ.

మొత్తం 12 అక్షరాలు. దేశానికి రెండు (మనకి 'ఐఎన్'), కంపెనీకి మూడు, సంవత్సరానికి రెండు, చివర అయిదంకెల వరస నంబరు. మ్యాక్ అడ్రసుల టైపులో, ముందు భాగం ఇచ్చేస్తే మిగతాది ఎవరికి వాళ్ళే వేసుకుంటారు. సీడీలో ఇదంతా 60 బిట్లలో సర్దారు, ముచ్చటేస్తుంది.

నాకు నచ్చనిది కీలో అర్థాలు ఇరికించడం. ఆ సంవత్సరం కోడ్ ఇచ్చినది, పాడినది కాదు. 1957 నాటి మాయాబజార్ పాటకి 2005లో కోడ్ ఇస్తే అందులో ఉండేది 05. దేశం సంగతీ అంతే. మూడక్షరాలకి 46,656 కాంబినేషన్లే కాబట్టి అమెరికాకి 'యూఎస్' చాలక 'క్యూఎమ్' వాడాల్సొచ్చింది. 2019 సవరణలో ఆ రెండక్షరాల్ని వట్టి ప్రిఫిక్స్ కింద మార్చేశారు.

అన్నిటికన్నా విడ్డూరం, ఇందులో చెక్ డిజిట్ లేదు! పుస్తకాల ఐఎస్‌బీఎన్‌లో ఉంది. ఇక్కడ ఒక్క అంకె తప్పు కొడితే అది ఇంకొకరి పాట అయిపోవచ్చు, దాంతోపాటు రాయల్టీ కూడా.

పైగా ఇది రికార్డింగుకే. పాట కట్టినవాళ్ళకి ఐఎస్‌డబ్ల్యూసీ అని వేరే కోడ్ ఉంది. అదృష్టవశాత్తూ దానికి చెక్ డిజిట్ పెట్టారు. ఒకే పాటని పదిమంది పాడితే ఐఎస్‌ఆర్‌సీలు పది, ఐఎస్‌డబ్ల్యూసీ ఒకటి. ఈ రెండు టేబుళ్ళకీ జాయిన్ కుదరకపోతే రాసినవాళ్ళ వాటా ఎటూ చేరదు. అమెరికాలో అలా సొంతదారు తేలక మిగిలిపోయిన సొమ్ముని 2021 ఫిబ్రవరిలో స్ట్రీమింగ్ కంపెనీలు ఎమ్మెల్సీ అనే సంస్థకి అప్పగించాయి. ఎంతనుకున్నారు? సుమారు 42.4 కోట్ల డాలర్లు.