ఆదోని నుంచి మక్కాకు

మా దాదా ఆదోని పత్తి మండీలో గుమాస్తా. హజ్‌కు వెళ్లాలంటే ముందు బొంబాయి రైలెక్కాలని చెప్పేవాడు. 1871లో రాయచూరు దగ్గర మద్రాసు, బొంబాయి రైలు మార్గాలు కలిశాక మా ఊరికి ఆ దారి తెరుచుకుంది. బొంబాయిలో ఓడెక్కితే జెడ్డా. రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రం మీద భయం కమ్మేసి ఆ ప్రయాణాలు దెబ్బతిన్నాయి. 1973 చమురు సంక్షోభం ఖర్చు పెంచింది. 1995 తర్వాత ఓడలు ఆగి, అంతా విమానమే అయింది.

అప్పటికి ఉమ్రా, అంటే హజ్ రోజుల్లో కాకుండా వేరే సమయంలోనూ చేసే చిన్న మక్కా యాత్ర, ప్యాకేజీలు వచ్చాయి. వీసా, టికెట్, హోటల్, భోజనం ఒకే మొత్తంలో. పత్తికి మంచి ధర పలికిన ఏడు ఆదోనిలో, మగ్గం బాగా ఆడిన ఏడు ఎమ్మిగనూరులో పేర్లు రాయించుకునేవాళ్లు పెరిగేవారు.

2020 ఫిబ్రవరి 27న కరోనా వల్ల సౌదీ ఉమ్రా యాత్రికుల రాక ఆపేసింది. మా అమ్మీ ఉమ్రాకు పేరు రాయించుకుని, యాత్రలో వేసుకునే ఇహ్రాం బట్టలు ఉతికి మడిచిపెట్టిన వారమది. కట్టిన డబ్బులో సగమే, అదీ ఏడాదికి చేతికొచ్చింది. 2020, 2021లలో హజ్ సౌదీలో ఉన్నవాళ్లకే పరిమితమైంది. 2022లో బయటి దేశాలవాళ్లను మళ్లీ రానిచ్చారు.

ఎక్కడి యుద్ధమో, ఎక్కడి రోగమో మా వీధిలో ఒక ముసలమ్మ ఆశను ఆపగలదు. అందుకే యాత్రకు డబ్బు కట్టే ప్రతివాళ్లకూ నా మాట ఒకటే: ప్రయాణం ఆగితే ఎంత తిరిగిస్తారో ముందే కాగితం మీద రాయించుకోండి.