ఒక రేకు – పెక్కు రంగులు



మా రేణిగుంటకు దగ్గరనే శ్రీకాళహస్తి యున్నది. అచ్చటి కలంకారి పనివారు ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో పులియబెట్టి నల్లరంగు తీయుదురు. బట్టపై రంగు ప్రాకకుండుటకు ముందుగా కరక్కాయ కషాయములోను పాలలోను తడిపి యారవేయుదురు. వస్తువు స్వభావ మెరిగినవానికి వంటింటి సరకైనను చిత్రసాధనమే యగును.

ఈ మాటను వేరొక విధముగ లోకమునకు చూపిన చిత్రకారుడు ఎన్. కృష్ణారెడ్డిగారు. వారు 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో జన్మించిరి. శాంతినికేతనమున నందలాల్ బోసుగారి శిష్యులై, 1947 మొదలు 1949 వరకు మద్రాసు కళాక్షేత్రమున చిత్రకళాశాఖను నడిపిరి. పిమ్మట లండనునకు, అటనుండి పారిసునకు పోయి శిల్పవిద్య నభ్యసించిరి. పారిసులో హేటరు అను ఆంగ్లేయుడు 1927లో స్థాపించిన ముద్రణచిత్రశాలలో చేరి, తరువాత దాని సహసంచాలకులైరి.

ఆ కాలమున రంగుల ముద్రణచిత్రమునకు సామాన్యముగ రంగునకొక రేకు వలయును. కృష్ణారెడ్డిగారు, కైకో మోతీ యను మరియొక భారతీయుడు, హేటరు కలిసి పరిశోధించి ఒకే రేకుతో పని నెరవేర్చిరి. క్రమమిది: జింకు రేకును శిల్పమువలె మెట్టపల్లములుగ చెక్కుదురు. ఒక రంగులో అవిసె నూనె హెచ్చుగ కలిపి పలుచన చేసి, గట్టి రోలరుతో మెట్టలపై మాత్రమే పూయుదురు. రెండవ రంగును చిక్కగ నుంచి, మెత్తని రోలరుతో పల్లములకు అందింతురు. మెట్టలపైనున్న నూనెరంగు ఈ చిక్కని రంగును అంటనీయదు. పిదప తడికాగితము పరచి యంత్రములో ఒక్కసారి నొక్కినచో రంగులన్నియు వేరువేరుగ దిగును.

ఈ పద్ధతితో వారు 1963లో 'సుడిగుండము' అను చిత్రమును రచించిరి. అందు నీటి బొమ్మ లేదు. గీతల యొరవడిలో నీటి వేగమున్నది. 1968లో పారిసు విద్యార్థుల యుద్యమమును చూచి 'ప్రదర్శకులు' అను చిత్రమును రచించిరి. 1972లో పద్మశ్రీ పొందిరి. 1976లో న్యూయార్కు చేరి పెక్కుమందికి ఈ విద్య నేర్పి, 2018లో అచ్చటనే దివంగతులైరి.

ఇక నా మాట యొకటి. కొన్నేండ్ల క్రిందట మా మనుమడు పళ్లెపు నీటిలో ఆముదమును సిరాను పోసి, కాగితము ముంచి తీయుచుండెను. నూనె పాడుచేసితివని కసరి, పళ్లెము లాగికొంటిని. వాడు మరల నా యెదుట కుంచె పట్టలేదు. కృష్ణారెడ్డిగారి పనిని గూర్చి చదివిన పిదపగాని, వాడు నూనెకును సిరాకును గల వైరమును పరీక్షించుచుండెనని నాకు తోచలేదు. ఆముదము వెల స్వల్పము. నేను పోగొట్టినదాని వెల నెరుగను.

కావున పెద్దలారా, మీ యింట పిల్లవాడు ఇట్టి పని చేయుచుండగా కసరకుడు. ప్రక్కన కూర్చుండి, "ఏమి కనిపెట్టితివి నాయనా?" అని యడుగుడు.