వినే పుస్తకాలు - చదివే గొంతులు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గంవారు కోరారు. పెన్షన్ల గురించీ, కరువుభత్యం గురించీ నాకంటే బాగా రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను మరో సంగతి ఎంచుకున్నాను. పుస్తకాన్ని పైకి చదివి, రికార్డు చేసి, కళ్లు లేనివారికి ఉచితంగా అందించే సేవ అది. దానికీ ఒక చరిత్ర ఉంది.

నాకీ ఆసక్తి కలగడానికి కారణం నా పాత సహోద్యోగి ఒకరు. సెక్షన్‌లో చాలా ఏళ్లు పక్కపక్క సీట్లలో పనిచేశాం. ఆ రోజుల్లో టైపయి వచ్చిన ఫెయిర్ కాపీని సంతకానికి పెట్టేముందు, ఒకరు డ్రాఫ్టు పైకి చదవడం, మరొకరు కాపీ మీద వేలు పెట్టి చూసుకోవడం రివాజు. కంపేరింగ్ అనేవాళ్లం. ఆయన చదువుతుంటే కామా కూడా వినపడేది. రిటైరయ్యాక నీటికాసుల జబ్బుతో ఆయన చూపు పోయింది. "పుస్తకం చేత్తో తడిమి మళ్లీ బీరువాలో పెట్టేస్తున్నాను గురువుగారూ" అన్నారు ఒకరోజు. ఇంటికి వచ్చినా ఆ మాట నన్ను వదల్లేదు. అప్పుడు ఈ విషయం గురించి చదవడం మొదలుపెట్టాను.

థామస్ ఎడిసన్ ఫోనోగ్రాఫు కనిపెట్టింది 1877లో. ఆ మరుసటి సంవత్సరమే దాని ఉపయోగాలు వివరిస్తూ ఒక అమెరికన్ పత్రికలో వ్యాసం రాశాడు. అంధులకు మాట్లాడే పుస్తకాలు అందులో ఒకటి. ఆలోచన మంచిదే గాని, అప్పటి యంత్రం మీద నిలిచే మాట కొద్ది నిమిషాలే. ఒక నవల వినాలంటే రికార్డులు బండికెత్తవలసిందే.

1931లో అమెరికా కాంగ్రెసు అంధుల పుస్తకాల కోసం ఏటా లక్ష డాలర్లు మంజూరు చేస్తూ చట్టం చేసింది. మొదట్లో అది బ్రెయిలీ పుస్తకాలకే. కాని యుద్ధంలోనో, పెద్దవయసులోనో చూపు పోయినవారికి వేళ్లతో కొత్తగా చదవడం నేర్చుకోవడం కష్టం. వారి కోసమే నెమ్మదిగా తిరిగే, ఎక్కువసేపు వినిపించే రికార్డులు తయారుచేసి 1934 నుంచి గ్రంథాలయాల ద్వారా పంపారు. లోకమంతా ఎరిగిన ఎల్.పి. రికార్డు బజారులోకి వచ్చింది 1948లో. అంటే, సంగీతప్రియుల కంటే పద్నాలుగేళ్లు ముందే అంధులు దాన్ని విన్నారన్నమాట.

ఇంగ్లండులో ఈ సేవ 1935లో ఆరంభమైంది. తొలి పుస్తకాల్లో ఒకటి అగాథా క్రిస్టీ అపరాధ పరిశోధక నవల, మరొకటి జోసెఫ్ కాన్రాడ్ రాసిన టైఫూన్. ఈ కాన్రాడ్ పేరు గుర్తుంచుకోమని మనవి.

ఇంతవరకూ చదివినవారు ఎక్కువగా నటులు, గొంతు సాధన చేసినవారు. మామూలు మనుషులకు ఈ తలుపు తెరుచుకున్నది రెండో ప్రపంచయుద్ధం తరువాత. యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులకు అమెరికా ప్రభుత్వం కాలేజీ చదువుకు సాయం చేసింది. చూపు పోయిన సైనికులకు సీటు దొరికిందిగాని, పాఠ్యపుస్తకం చదివిపెట్టేవారు లేరు. 1948లో న్యూయార్క్‌లో ఆన్ మెక్‌డొనాల్డ్ అనే ఆవిడ మరికొందరు స్త్రీలను కూడగట్టి, ఒక గ్రంథాలయ శాఖలోని అటకగదిలో ఆ పుస్తకాలు చదివి రికార్డు చేయించడం మొదలుపెట్టారు. ఆరంగుళాల చిన్న డిస్కులు, పక్కకు సుమారు పన్నెండు నిమిషాలు. చదివింది అందరూ వాలంటీర్లే. చదువు హక్కేగాని కొందరికి దక్కే వరం కాదన్నది ఆవిడ వాదం.

తరువాత క్యాసెట్లు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి. 1971లో మైకేల్ హార్ట్ అనే అమెరికన్ కాపీరైటు లేని గ్రంథాలను కంప్యూటరులోకి ఎక్కించే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ ప్రారంభించాడు. అలా పోగైన పుస్తకాలకు గొంతు ఇద్దామని 2005 ఆగస్టులో కెనడాలోని మాంట్రియల్ నగరవాసి హ్యూ మెక్‌గైర్ లిబ్రివాక్స్ అనే సంస్థను మొదలుపెట్టాడు. తొలి పుస్తకం మళ్లీ కాన్రాడ్‌దే, ది సీక్రెట్ ఏజెంట్. కొందరు వాలంటీర్లు తలా కొన్ని అధ్యాయాలు పంచుకుని చదివారు. ఇప్పటికి అక్కడ పదివేలకు పైగా పుస్తకాలు చేరాయి. వినేవారి దగ్గర పైసా తీసుకోరు, చదివేవారికి పైసా ఇవ్వరు.

అక్కడి పద్ధతి చూస్తే మన సెక్షనే గుర్తుకొచ్చింది. పుస్తకం బాధ్యత చూసేవారు ఒకరు. చదివేవారు ఎవరైనా కావచ్చు, గొంతు పరీక్ష పెట్టరు. మైకు సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక నిమిషం నమూనా అడుగుతారు, అంతే. చదివింది పుస్తకంతో సరిచూస్తూ వినేవారు వేరే ఉంటారు. వాక్యం పోయినా, రెండుసార్లు వచ్చినా ఏ నిమిషం, ఏ సెకను దగ్గరో రాసి తిప్పి పంపుతారు. యాస బాగాలేదని మాత్రం అనరు. కంపేరింగే, పేరు మారింది.

ఇక్కడ కాన్రాడ్ సంగతి. ఆయన పుట్టుక పోలిష్ కుటుంబంలో. ఇంగ్లీషు నేర్చింది ఇరవై దాటాక. ఆ భాషలో మహారచయిత అయ్యాక కూడా ఆయన యాస చివరిదాకా పోలేదట. మన యాసకు మనం సిగ్గుపడనవసరం ఏముంది?

నేను ముందుగా మిత్రుని కోసం మనవరాలి సాయంతో కందుకూరివారి రాజశేఖర చరిత్రములోని మొదటి అధ్యాయం సెల్‌ఫోనులో చదివాను. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, చెమటలు కారుతూ చదివాను. కుక్కర్ కూత ఒకసారి, కూరగాయల బండివాడి కేక ఒకసారి పడ్డాయి. అయినా ఘనంగా పంపించాను. మర్నాడు ఆయన ఫోను చేశారు. "బాగుంది గురువుగారూ. కాని నడుమ ఎక్కడో అర్థం అతకడం లేదు, ఒక వాక్యం పోయినట్టుంది, చూడండి" అన్నారు. చూద్దును గదా, ఏకంగా ఒక పంక్తి దాటేశాను! ఇన్నేళ్ల సర్వీసు ఉన్నవాణ్ణి, చూపులేని మనిషి నా తప్పు పట్టుకున్నారు. సిగ్గుపడ్డాను, అంతకు రెట్టింపు సంతోషపడ్డాను. అధ్యాయం మళ్లీ చదివాను.

కాపీరైటు విషయంలో జాగ్రత్త అవసరం. మన దేశంలో రచయిత మరణించిన తరువాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. గురజాడ 1915లో, వీరేశలింగం 1919లో కాలం చేశారు గనుక వారి రచనలు నిరభ్యంతరంగా చదవవచ్చు. అంధుల ఉపయోగం కోసమైతే 2012 చట్టసవరణ మరికొంత వెసులుబాటు ఇచ్చింది. ఇదే ఉద్దేశంతో 2013లో కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ధ్రువీకరించింది మన భారతదేశమే.

మిత్రులారా, ఈ చరిత్రలో యంత్రాలు ఎన్నో మారాయి. ఫోనోగ్రాఫు పోయింది, డిస్కు పోయింది, క్యాసెట్టూ పోయింది. మారనిది ఒకరి కోసం మరొకరు కూర్చుని చదవడం ఒక్కటే. ఉద్యోగంలో ఎవరెవరి డ్రాఫ్టులో పైకి చదివాం. ఇప్పుడు గొంతు మనది, తీరిక మనది. రోజుకు ఒక అరగంట చాలు. మా మిత్రుడు రెండో అధ్యాయం కోసం ఎదురుచూస్తున్నారు. ఈ వ్యాసం పోస్టులో వేసి వచ్చి, ఫ్యాను ఆపి కూర్చోవాలి.